కడిగి ఆరేసిన గ్లౌజులు

కెరోలిన్ చేసే పనిని వాళ్ల చిన్నమ్మ వరమ్మ ఏనాడూ పనిగా ఒప్పుకోలేదు. "ఆసుపత్రులకు మార్కులేసేదీ ఒక ఉద్యోగమేనా?" అని దెప్పేది. కెరోలిన్ నవ్వి ఊరుకునేది. జమ్మలమడుగులో చాలాకాలం నర్సుగా చేసి, నడుము నొప్పి వల్ల రాత్రి డ్యూటీలు చేయలేక, విజయవాడలోని ఒక సంస్థలో, ఇంటినుంచే ఊళ్లు తిరిగే పనిలో చేరింది. ముందుగా చెప్పుకోకుండా నేరుగా వెళ్లి చూపించుకునే చిన్న క్లినిక్కులు ఈమధ్య ప్రతి ఊళ్లోనూ లేస్తున్నాయి. వాటిని చూసి, బాగుంటే "నాణ్యమైన వైద్యం" అని నీలం బోర్డు ఇవ్వడం ఆ సంస్థ పని. ఆ బోర్డు ఉంటే బీమా కంపెనీలు ఆ క్లినిక్కుతో ఒప్పందం చేసుకుంటాయి. అందుకని క్లినిక్కుల వాళ్లు బోర్డు కోసం పడిచస్తారు.

మొదటిసారి పోయేటప్పుడు తామెవరో చెప్పకుండా మామూలు రోగిలా పోవాలన్నది సంస్థ నియమం. కెరోలిన్ ఎప్పుడూ తలనొప్పి అనో కడుపులో మంట అనో చెప్పి కూర్చునేది. ప్రొద్దుటూరులోని నిర్మలా అర్జంట్ కేర్‌కు పోవాల్సిన ముందురోజు వరమ్మ అడ్డం తగిలింది.

"తలనొప్పని అబద్ధం చెప్పేదేమిటికే? నా కాలికి నిజంగానే పుండుంది గదా. నన్ను పిల్చుకపో. నీ పనీ అయితాది, నాకూ కట్టు కడతారు."

వరమ్మ మిషన్ బడి హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి. అబద్ధమంటే ఆమెకు గిట్టదు. కొత్త చెప్పుల పట్టీ ఒరుసుకుని చిటికెనవేలి పక్కన చర్మం లేచిపోయింది. చక్కెర జబ్బు ఉండడంతో అది మానకుండా తడితడిగా ఉంది. కెరోలిన్ కాసేపు తటపటాయించింది. ఆ క్లినిక్కు వాళ్లు పంపిన ఫోటోల్లో తెల్లటి గోడలు, మెరిసే స్టీలు బల్లలు చూసి, సరే పోదాం పా అంది.

జమ్మలమడుగులో బస్సెక్కి ప్రొద్దుటూరులో దిగేసరికి ఎండ నెత్తికెక్కుతోంది. అద్దాల తలుపు తోసి లోపలికి పోగానే ఏసీ చల్లదనం మొహానికి తగిలింది. ఎదురుగా గోడమీద పెద్ద ఫోటో. పట్టుచీరలో ఒక పెద్దావిడ, కింద "మా అమ్మ నిర్మలమ్మ ఆశీస్సులతో" అని రాసి ఉంది. ఆ ఫోటో ముందు అగరుబత్తీలు వెలుగుతున్నాయి. ఎక్కడో పైనుంచి మల్లెపూల సెంటు బుస్సుమని కొడుతోంది. ఆ రెండు వాసనల అడుగునుంచి మూడోది ఒకటి వచ్చింది. ఎన్నో ఏళ్లు వార్డుల్లో తిరిగిన ముక్కు గనుక కెరోలిన్‌కు అదేమిటో వెంటనే తెలిసింది. పాత చీము. తీసి పారేయని దూది.

బెంచీల నిండా జనం. దువ్వూరు నుంచి జ్వరంతో వచ్చిన రైతు, మోకాళ్ల నొప్పులతో ఒక ముసలామె, కళ్లు తిరుగుతున్నాయని వచ్చిన కాలేజీ పిల్ల. ఒక్కొక్కరే లోపలికి పోయి, మోచేతి మడతలో దూది నొక్కుకుంటూ బయటికి వస్తున్నారు. జ్వరానికీ సూదే, మోకాలికీ సూదే, కళ్లు తిరగడానికీ సూదే. పక్క గదిలో మంచాల మీద ముగ్గురికి సెలైన్ ఎక్కుతోంది. మంచాల మీది దుప్పట్లపై ఎవరివో మరకలు ఎండి గోధుమరంగుకు తిరిగాయి. ఒకతను తన తలకింద దుప్పటి మడతను విప్పి, మరక కనబడకుండా తిప్పి పరుచుకుని పడుకున్నాడు. కెరోలిన్‌కు ఆ మనిషి ఓర్పు చూసి కూడా ఒళ్లు మండింది.

డాక్టర్ నందిని వయసులో చిన్నది. ఫోనులోంచి తల ఎత్తలేదు.

"ఏమైంది?"

"కాలికి పుండమ్మా. చెప్పు ఒరుసుకోని..." వరమ్మ చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని కాలు ముందుకు చాపింది.

"సరే. డ్రెస్సింగ్ చేస్తారు, ఒక ఇంజెక్షన్ వేస్తారు. నీరసంగా ఉంటే సెలైన్ పెట్టించుకోండి."

వరమ్మ కాలు అలాగే గాల్లో ఉండిపోయింది. "సూడవా తల్లీ?"

"లోపల చూస్తారు."

"ఆమెకు షుగరుంది మేడమ్" అంది కెరోలిన్.

"ఈ ఊళ్లో అందరికీ ఉంది" అంటూ డాక్టరు గంట నొక్కింది. ముట్టుకోలేదు, వంగి చూడలేదు, ఏ మందులు వాడుతున్నావని అడగలేదు.

కట్లు కట్టే గది వెనకవైపు ఉంది. దాని తలుపు తీయగానే ఆ మూడో వాసన ముసుగు తీసేసి ఎదురొచ్చింది. మూలనున్న బకెట్టుకు మూత లేదు. అందులో నుంచి రక్తం దూది పొంగి నేలమీదికి జారుతోంది, దానిమీద ఈగలు. గోడకున్న వాష్ బేసిన్ కొళాయికి నీళ్లు లేవు. కిటికీ ఊచలకు అడ్డంగా ఒక దారం కట్టి ఉంది. ఆ దారానికి, చిన్నపిల్లల లంగోటాలు ఆరేసినట్టు, క్లిప్పులు పెట్టి గ్లౌజులు ఆరేశారు. ఒకసారి తొడిగి పారేయాల్సిన రబ్బరు గ్లౌజులు. కడిగి, పౌడరు జల్లి, మళ్లీ వాడడానికి. ఫ్యాను గాలికి ఆ వేళ్లు మెల్లగా ఊగుతున్నాయి.

కెరోలిన్ గోడవారనున్న బల్లమీద కూర్చుంది. ఫోను ఒళ్లో పెట్టుకుని ఎవరి ముఖాలూ పడకుండా ఫోటోలు తీయసాగింది.

స్టూలు మీద ఒక స్కూటర్ మెకానిక్కు కూర్చుని ఉన్నాడు. పేరు కమాల్ బాషా. సైలెన్సర్ తగిలి పిక్క కాలింది. దేవరాజు అనే కాంపౌండరు పాత కట్టు విప్పుతున్నాడు. గుడ్డ పుండుకు అంటుకుపోయి ఉంటే తడపకుండానే లాగాడు. బాషా పళ్లు బిగించి "యా అల్లా" అన్నాడు. పుండు అంచులు నల్లబడ్డాయి, మధ్యలో పచ్చటి చీము. దేవరాజు కత్తెరతో చచ్చిన చర్మం కత్తిరించి, అదే కత్తెరతో గాజుగుడ్డ కత్తిరించి, కట్టు కట్టేశాడు. తర్వాత ఆ కత్తెరను పక్కనున్న గిన్నెలో ముంచి రెండుసార్లు తిప్పాడు. గిన్నెలో ఎప్పుడో కలిపిన డెట్టాలు నీళ్లు, టీ రంగుకు తిరిగి, పైన దూది పీచులు తేలుతున్నాయి. కత్తెరను చొక్కా అంచుకు తుడుచుకుని వరమ్మ వైపు తిరిగాడు.

"కాలు ఇట్ల పెట్టవ్వా."

పరిశీలనకు వచ్చిన మనిషి ఎంత జరిగినా నోరు విప్పకూడదు. కెరోలిన్ ఆ నియమాన్ని ఎన్నో ఊళ్లలో పాటించింది. ఇప్పుడు ఆమె చెయ్యి నియమం కంటే ముందు కదిలింది. దేవరాజు మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆ కత్తెర ఉడకబెట్టినావా?"

"ఏందమ్మా, చెయ్యి ఇడువు. పొద్దన్నే ఉడకబెట్టినాం."

"పొద్దన్నుంచి ఎంతమందిని కోసినావు దాంతో?"

"దినామూ ఇట్లనే చేస్తాండాం. ఇంతవరకూ ఎవురూ సచ్చిపోల్యా" అన్నాడు దేవరాజు. అతనికి నిజంగానే కోపం వచ్చింది. తన పనితనాన్ని ఎవరూ ఎన్నడూ ఇలా అడిగి ఉండరు.

వరమ్మ కాలు వెనక్కి తీసుకుని గిన్నెలోకి తొంగి చూసింది. "ఛీఛీ. మా హాస్టల్లో ఎంగిలి తట్టలు గూడా ఈ నీళ్లల్లో కడగనియ్యను నాయనా."

గొడవకు డాక్టరు వచ్చింది. కెరోలిన్ గుర్తింపు కార్డు తీసి చూపింది. డాక్టరు మొహం పాలిపోయింది. దేవరాజు కిటికీ దగ్గరకు పోయి, దారం మీది గ్లౌజులన్నీ లాగి ప్యాంటు జేబుల్లో కుక్కుకున్నాడు. రెండు తెల్లటి రబ్బరు వేళ్లు జేబులోంచి బయటికి వేలాడుతూనే ఉన్నాయి.

"ముందే చెప్పి ఉంటే బాగుండేది మేడమ్. కూర్చోండి, కాఫీ తెప్పిస్తాను" అంది డాక్టరు. ఇందాకటి గొంతు కాదది, పాకం పట్టిన గొంతు. అది విన్నాక కెరోలిన్‌కు చీము వాసనే నయమనిపించింది.

ఆమె బాషా వైపు తిరిగింది. "నీకు ఎన్నాళ్లనుంచి కడతాండారు?"

"శానా దినాలైందక్కా. ఆరేదానికి టైము పడతాదన్నారు."

"అది ఆరేది కాదు, కుళ్లేది. ఇప్పుడే మాతో రా, జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రికి పోదాం."

"షాపు ఇడిచిపెట్టి యాడికొచ్చేదక్కా? పెద్దాసుపత్రికి పోతే దినమంతా ఆన్నే పోతాది. ఈడైతే బిరీన అయిపోతాది."

వరమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. "కాలు తీసేసినాక షాపుకు ఎట్ల పోతావు నాయనా? లెయ్యి."

ఆటోలో కూర్చున్నంతసేపూ ఆ కట్టులోంచి వాసన వస్తూనే ఉంది. బాషా సిగ్గుపడి కాలు బయటికి పెట్టబోతే వరమ్మ ఆపింది. కెరోలిన్‌కు ఇప్పుడు రోత పుట్టింది తనమీదే. ఆ కత్తెర చిన్నమ్మ దాకా వచ్చినప్పుడు చెయ్యి లేచింది. బాషా పచ్చిపుండును కోస్తున్నప్పుడు మాత్రం తాను ఫోను కాస్త కిందికి వంచి, ఫోటో సరిగ్గా పడుతుందా లేదా అని చూసుకుంది. అతను మూలుగుతుంటే వెలుతురు చాలడం లేదని విసుక్కుంది కూడా. ఆ సంగతి ఆమెకు మింగుడు పడలేదు.

జమ్మలమడుగు పాత మిషన్ ఆసుపత్రిలో సర్జను నేలమీద మోకాళ్లేసి కూర్చుని బాషా కాలును రెండు చేతులా పట్టుకుని చూశాడు. ఇంకో వారంరోజులు ఆగి ఉంటే మోకాలి కింద తీసేయాల్సి వచ్చేదన్నాడు. ఆ సాయంత్రమే కుళ్లిన కండ తీశారు. తొడమీది చర్మం తెచ్చి అతికించాల్సి వస్తుందని చెప్పారు. వరమ్మ పుండును ఉప్పునీళ్లతో కడిగి, చక్కెర పరీక్ష చేసి, అప్పుడు కట్టు కట్టారు. కెరోలిన్ బయట కొళాయి దగ్గర నిలబడి చేతులు కడుక్కుంది. కడుక్కుని తుడుచుకుని, మళ్లీ సబ్బు అడిగింది.

మర్నాడు విజయవాడ నుంచి ఆమె పైఅధికారి ప్రేమ్ సాగర్ ఫోన్ చేశాడు.

"మీరెవరో చెప్పేశారు కాబట్టి ఆ విజిట్ చెల్లదు కెరోలిన్ గారూ. రూలు మీకు తెలియనిది కాదు. ఓనరు పులివెందులలో ఉంటాడు. ఆయనతో కూర్చుని మాట్లాడదాం, నేనూ వస్తున్నాను. కొంచెం మెత్తగా మాట్లాడండి."

క్లినిక్కుల యజమాని నరేష్ రెడ్డికి ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ఒక్కొక్కటి ఉన్నాయి. మీటింగు అతని ఇంట్లోనే పెట్టాడు. కెరోలిన్ పోయేసరికి ప్రేమ్ సాగర్ అప్పటికే సోఫాలో కూర్చుని బాదం పాలు తాగుతున్నాడు. ఆయన భుజం మీద కొత్త శాలువా ఉంది. టీపాయి మీద ఇంకొకటి మడతపెట్టి ఉంది. అది తనకోసమని ఆమెకు అర్థమైంది.

నరేష్ మర్యాదస్థుడు. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"మీరు శానా పెద్దగా తీసుకున్న్యారక్కా. మన జనం గతంలో జ్వరమొస్తే యాడికి పోతాండ్రి? మంత్రాలకూ తాయెత్తులకూ పోతాండ్రి. నేనొచ్చినాక అప్పుడే వచ్చి అప్పుడే పోతాండారు. లోపాలు యాడ లేవు? ఆ దేవరాజు గాన్ని తీసేసినా. ఇంకేం గావాల చెప్పండి."

కెరోలిన్ ఫోను అతని ముందు పెట్టింది. బకెట్టు, గిన్నె, గ్లౌజుల దారం, బాషా పిక్క. నరేష్ రెండో ఫోటోకే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"తీసెయ్యక్కా, తినే కాడ."

"మీ జనం అదే గదిలో కూర్చుంటాండారు. తిప్పుకోడానికి వాళ్లకు వేరే పక్క లేదు."

ప్రేమ్ సాగర్ గొంతు సవరించుకున్నాడు. అంతలో లోపలినుంచి ఒక పెద్దావిడ ఓళిగల తట్ట పట్టుకుని వచ్చింది. ఫోటోలో చూసిన నిర్మలమ్మ. ఎడమచేతికి మణికట్టు దాకా కట్టు ఉంది. తెల్లగా, శుభ్రంగా, అంచులు సరిగ్గా కూర్చి కట్టిన కట్టు. కెరోలిన్ కళ్లు అలవాటుకొద్దీ దానిమీదికి పోయాయి.

"ఏమైందమ్మా చేతికి?"

"నూనె చిందింది తల్లీ. మానిపోతాండాదిలే."

"కట్టు శానా బాగా కట్టినారు. మన క్లినిక్కులోనేనా?" ఆ మాటలో కెరోలిన్ ఏ వలా పన్నలేదు. మంచి కట్టు కనబడితే ఎవరు కట్టారని అడగడం నర్సుగా ఆమెకున్న అలవాటు.

"ఛీ, ఆడికెవురు పోతారమ్మా?" అంది నిర్మలమ్మ, ఓళిగ మీద నెయ్యి వేస్తూ. "నా పేరు పెట్టినాడు గానీ, లోపల అడుగు పెడితే కంపు. మావోడు నన్ను కడపకు పిల్చుకపోయినాడు. దినం మార్చి దినం కారులో పోయొస్తాండా. తిను తల్లీ, ఏడిగుండాది."

ప్రేమ్ సాగర్ బాదం పాల గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నరేష్ చెవులు ఎర్రబడ్డాయి.

"మ్మా, నువ్వు లోపలికి పో."

నిర్మలమ్మకు తానేమన్నదో తెలియలేదు. తన నోటినుంచి వచ్చిన "ఛీ"లో కల్మషం లేదు, దాపరికం లేదు. మురికి గుంట పక్కనుంచి చీర ఎత్తి పట్టుకుని పోయే మనిషి అనే "ఛీ" అది. ఆ గుంటలో ఊరిజనం కాళ్లు పెట్టడం గురించి ఆమెకు ఆలోచనే లేదు. కెరోలిన్ తట్టను చేత్తో పక్కకు జరిపి లేచింది. శాలువా ముట్టుకోలేదు.

కారు దగ్గర ప్రేమ్ సాగర్ ఆమెను ఆపాడు. "షరతులతో పాస్ చేద్దాం. మూడు నెలల్లో సరిచేసుకుంటారు. మీరు సంతకం పెడితే చాలు."

"ఫెయిల్ అని రాసినాను సార్. దానికింద పెట్టినాను సంతకం. ఇంకోదానికింద పెట్టను."

"మీరు పెట్టకపోతే వేరేవాళ్లు పెడతారు. అప్పుడు మీకేం మిగులుతుంది?"

ఆమె బస్టాండు వైపు నడిచింది. ఏం మిగులుతుందో ఆమెకూ తెలియదు.

ఆయన అన్నట్టే అయింది. కెరోలిన్‌ను ఆ పనినుంచి తప్పించి, వేరే మనిషిని తేదీ చెప్పి మరీ పంపారు. ఆ రోజు క్లినిక్కులో కొళాయిలకు నీళ్లు వచ్చాయి. బకెట్టుకు మూత వచ్చింది. పాస్ అయ్యారు, మూడు బ్రాంచీలకూ నీలం బోర్డు వచ్చింది. కెరోలిన్ రాజీనామా పంపేసి, ఫోటోలు తీసుకుని కడపలో జిల్లా వైద్యాధికారిని కలిసింది. రెండుసార్లు కూర్చోబెట్టి పంపేశారు. మూడోసారి ఆమెతోపాటు కమాల్ బాషా చంకల కింద కర్రలతో వచ్చి, ఆఫీసు బల్లముందు ప్యాంటు పైకి మడిచి కాలు చూపించాడు. ఆ అధికారి కుర్చీ వెనక్కి జరుపుకుని, ఆ వారంలోనే మనుషుల్ని పంపాడు. ప్రొద్దుటూరు క్లినిక్కులో కట్లు కట్టే గదికి సీలు వేశారు. కొన్నాళ్లకు గోడలకు కొత్త టైల్స్ అతికించి మళ్లీ తెరిచారు. దేవరాజు ఉద్యోగం పోయింది. డాక్టర్ నందినిని పులివెందుల బ్రాంచికి మార్చారు. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

వరమ్మ పుండు మానిపోయింది. బాషా మళ్లీ షాపు తెరిచాడు, కాస్త కుంటుతాడు. బండి రిపేరుకు వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పి గానీ పానా పట్టుకోడు.

ఒకరోజు కెరోలిన్, వరమ్మ జమ్మలమడుగు బస్టాండు పక్కనుంచి పోతున్నారు. అక్కడున్న నరేష్ రెడ్డి బ్రాంచి గుమ్మం పైన నీలం బోర్డు ఎండకు తళతళలాడుతోంది. వరమ్మ ఆగింది, బోర్డు వైపు ఒకసారి చూసింది, తిన్నగా లోపలికి పోయి బెంచీ మీద కూర్చుంది. కెరోలిన్‌కు వెనకాలే పోక తప్పలేదు.

"ఏమ్మా, కట్టు కట్టించుకునేవాళ్లు ఎవురన్నా ఉండారా?" హాస్టల్లో వందమంది పిల్లలకు వినబడేలా అరిచిన గొంతు అది. "ఉంటే గాజుగుడ్డ కొత్త పొట్లం మీ కండ్ల ముందర చించమని అడగండి. అడగకుంటే పాతదే పెడతారు ఈళ్లు."

జనం తలలు తిప్పి చూశారు. కౌంటర్లో పిల్ల ఎవరికో ఫోన్ చేస్తోంది. పక్కనే బిస్మిల్లా బీ అనే ఆమె, మోకాలు చెక్కుకుపోయిన మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె కొంగు సర్దుకుని, పిల్లను చంకనేసుకుని, కట్లగది గుమ్మం దగ్గరకు పోయింది.

"నాయనా, పాపకు కొత్త పొట్లం ఇప్పప్పా. నేను సూడాల."

లోపలి కాంపౌండరు ఆమెను ఎగాదిగా చూశాడు. బయట బెంచీలమీద అందరూ తనవైపే చూస్తుండడం గమనించాడు. ఏమనుకున్నాడో, డ్రాయరు లాగి సీలు వేసిన గాజుగుడ్డ పొట్లం ఒకటి తీసి, అందరికీ కనబడేలా పైకెత్తి చూపించాడు. కెరోలిన్‌కు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆ తర్వాత అతను పొట్లం మూలను నోట్లో పెట్టుకుని, పళ్లతో కొరికి పట్టి, పర్రుమని చింపాడు. గుడ్డ కొసను పెదాల మీదుగా బయటికి లాగాడు.

బిస్మిల్లా బీ వెనక్కి తిరిగి కెరోలిన్ వైపు చూసింది. "ఇది కొత్తదే గదక్కా?"

కెరోలిన్‌కు ఆ గుడ్డ కొసన ఉమ్ము తడి కనబడింది.

"కొత్తదేలేమ్మా" అంటూ ముందుకు పోయి పిల్లను చంకనేసుకుంది. "పా, ఈడొద్దు. మిషన్ ఆసుపత్రి దగ్గర్లోనే ఉండాది, నడిచి పోదాం."